పద్నాలుగు నెలల బూట్లు

తిరుపతి,
3 మార్చి 2025

అత్తా,

ఈ ఉదయం హాస్టల్ గుమ్మం ముందు ఒక ఎడమ కాలి చెప్పు మాత్రమే ఉంది. మిగిలినవన్నీ జతలుగా ఉన్నాయి. ఇడ్లీ తింటున్నంతసేపూ దాని గురించే ఆలోచించాను. ఒంటికాలి చెప్పుతో ఎవరు, ఎక్కడికి వెళ్ళి ఉంటారు? తర్వాత తెలిసింది, రెండోదాన్ని కుక్క ఎత్తుకుపోయిందట.

నీకు చెప్పాల్సిన సంగతి అది కాదు. నా ఉద్యోగం పర్మినెంటు అయింది. ఉత్తర్వు శనివారం వచ్చింది. మా లైబ్రేరియన్ యోగానంద సార్ ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "ఇంగ నువ్వు ఈడే ఉండేదానివమ్మా, ఈ బీరువాల మాదిరి" అన్నారు. అసిస్టెంట్ లైబ్రేరియన్ అన్న మాట పక్కన నా పేరు నాలుగుసార్లు చదువుకున్నాను.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో నేను 'ఊ' తప్ప ఏమీ అననని నువ్వే అంటావు కదా. నా ఆరో ఏట నాయన నన్ను నీ దగ్గర వదిలి గూడూరు నిమ్మకాయల మండీలో పనికి పోయినప్పుడు, ఆయనకు వారానికో ఉత్తరం నాచేత రాయించింది నువ్వే. ఆ అలవాటును ఇప్పుడు నువ్వే భరించాలి.

షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్ళావా? అరికాళ్ళ తిమ్మిరి తగ్గిందా? నేను కొన్న బూట్లు వేసుకునే తిరుగుతున్నావు కదా? చెప్పుల్లేకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదని డాక్టరు నాతో రెండుసార్లు చెప్పాడు. కాలికి పుండు పడితే నీకు తెలియదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేను.

లోహిత

*

చిత్తూరు, గిరింపేట
10 మార్చి

పాపా,

మిషను బల్ల మీద పెట్టుకోని రాస్తా ఉండా. అక్షరాలు వంకరపోతే జాకెట్టు గుడ్డ తప్పు, నాది కాదు.

నీ జాబు రెండు తూర్లు నాకు నేను చదువుకోని, మూడో తూరి పక్కింటి చంద్రకాంతమ్మకు చదివి వినిపించినా. "పర్మినెంటు అయితే ఇంగ ఆ పాపకు నోట్లోంచి మాట గూడా వస్తాదా?" అనింది. ఆమె బ్లౌజుకు ఈ నెల హుక్కులు కుట్టను.

స్వీటు కొందామని ఆ పొద్దే నువ్వు కొనిచ్చిన బూట్లు తొడుక్కోని బస్టాండు తావ అంగడికి పోయినా. మైసూరుపాకు కట్టించుకోని బయటికొస్తే, యెనకనించి ఎవురో "అవ్వా, నీ కాలు రాలిపోతా ఉండాది" అని అరిచినారు. సూస్తే దోవ పొడుగునా నల్లగా పెచ్చులు. పాకం ముదిరిన బెల్లం మాదిరి పొడిపొడిగా ఉండాది. ఎడమ కాలి అడుగు ఊడి నోరు తెరిచింది. నాలుగడుగులు ఏసినానో లేదో కుడిదీ అంతే. ఒక చేతిలో మైసూరుపాకు, ఒక చేతిలో బూట్లు పెట్టుకోని ఇల్లు చేరినా. సూసినోళ్ళంతా నగినారు. నేనూ నగినా.

పోనీలే. వస్తువన్నాక ఒకనాటికి పోతాది. పాత రబ్బరు చెప్పులుండాయి నాకు. నువ్వు అంగడోళ్ళతో తగువుకు పోవద్దు. నీకు తగువు చేతకాదు.

పెచ్చులు చీపురుతో ఎత్తి ఒక కవర్లో ఏసి పెట్టినా. పారేసేదానికి మనసు రాలే.

మీ అత్త
వరదమ్మ

*

తిరుపతి,
17 మార్చి 2025

అత్తా,

నువ్వు వద్దన్నా షాపుకు వెళ్ళాను. నిజంగానే నాకు తగువు చేతకాలేదు.

మేనేజరు పేరు జయరావు. బిల్లు చూసి తలెత్తి నవ్వాడు. "అమ్మా, వారంటీ ఏడాదే. నువ్వు పద్నాలుగో నెలలో వచ్చినావు. ఏడాదైతే మొగుడే మాట వినడు, బూటు వింటాదా?" అన్నాడు. షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. నేను బిల్లు మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. బస్టాపు చేరాక మూడు మంచి జవాబులు తట్టాయి. అప్పుడు వినడానికి ఒక ఆవు మాత్రమే ఉంది.

కానీ లైబ్రరీలో నేను మూగదాన్ని కాదు. వినియోగదారుల చట్టం తీసి రెండు సాయంత్రాలు చదివాను. వారంటీ అనేది కంపెనీ తనంతట తాను ఇచ్చే మాట. వస్తువు తయారీలోనే లోపం దాగి ఉండి తర్వాత బయటపడితే, వారంటీ అయిపోయిందన్న ఒక్క కారణంతో వాళ్ళు తప్పించుకోలేరు. లోపం బయటపడ్డాక రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు. వకీలు లేకపోయినా మనమే మాట్లాడుకోవచ్చు. కొన్నది నేను, తొడిగేది నువ్వు. చట్టం ఇద్దరినీ వినియోగదారులనే అంటుంది. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది.

ముందుగా షాపుకూ కంపెనీకీ రిజిస్టర్డు పోస్టులో నోటీసు పంపాను. బిల్లు నకలు జత చేశాను. దాంతోపాటు పోయిన ఏడాది ఫిబ్రవరిలో నువ్వు రాసిన ఉత్తరం నకలు కూడా పెట్టాను: "బూట్లు దినామూ ఏసుకుంటా ఉండా, మెత్తగా దూది మాదిరి ఉండాయి." నువ్వు వాటిని బాగా చూసుకున్నావనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

బూట్లూ, ఆ పెచ్చుల కవరూ పంపు. ఏదీ కడగవద్దు, తుడవవద్దు.

లోహిత

*

చిత్తూరు
24 మార్చి

పాపా,

బూట్లు కండక్టరుతో పంపినా. "ఏందవ్వా ఇది, చెప్పుల మూటను నా సీటు కింద పెడతావా" అని గొణిగినాడు. రెండు మైసూరుపాకు ముక్కలిచ్చినాక గమ్మునుండినాడు.

ఆ జాబెందుకు పెట్టినావు? నీకూ నాకూ రాసుకునేది ఊరోళ్ళకెందుకు? వాపసు తీసుకో. కుదిరితే ఈ పొద్దే తీసుకో. ఆ కేసూ వద్దు, గీసూ వద్దు.

ఈడ ఇంకేం సంగతుల్లేవు. చంద్రకాంతమ్మ మొగుడు మొక్కుకోని తీర్చకనే పోయినాడు గదా, ఇప్పుడు ఆమె కొడుకు కొండకు పోయి గుండు కొట్టించుకోని వచ్చినాడు. "నాయన మొక్కు తీరిపోయింది" అని వీధంతా గుండు సూపిస్తా ఉండాడు. గుండు మీద ఆ రెండు సుడులు సూస్తే నాకు నగు ఆగలే.

వేళకు తిను.

మీ అత్త

*

తిరుపతి,
20 జూన్ 2025

అత్తా,

నీ ఉత్తరం వెనక్కి తీసుకోలేదు. అక్షరాలు బాగులేవని సిగ్గుపడుతున్నావనుకున్నాను. ఇప్పుడు తీసుకోవడానికి వీల్లేదు.

నోటీసుకు కంపెనీ ఒక పేజీ జవాబు పంపింది: వారంటీ ముగిసింది, బాధ్యత లేదు. ఏప్రిల్లో వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు వేశాను. మొన్న బుధవారం పిలిచారు. పొడుగాటి గది, రెండు ఫ్యాన్లు, గోడ పక్కన బల్లలు. నా ముందు ఒకాయన ఫ్రిజ్ కోసం, ఒకామె పెళ్ళి వీడియో కోసం వచ్చి ఉన్నారు. 

కంపెనీ వకీలు లేచి నీ ఉత్తరం చదివాడు. గట్టిగా, అందరికీ వినబడేలా. "దినామూ ఏసుకుంటా ఉండా." తర్వాత అన్నాడు: "ఫిర్యాదుదారు సొంత కాగితమే చెబుతోంది. పద్నాలుగు నెలలు రోజూ వాడారు. అరిగిపోయాయి. ఇందులో లోపమేముంది?"

అధ్యక్షురాలు నావైపు చూసి, "మీరేమంటారమ్మా?" అన్నారు. నేను నిలబడ్డాను. నా దగ్గర ఆరు పేజీలున్నాయి. ఒక్క మాట బయటికి రాలేదు. ఆవిడ, "ఆగస్టు ఐదుకు రండి, మంచినీళ్ళు తాగండి" అన్నారు. కోపంగా అనలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

గదికి వచ్చి బూట్లు మళ్ళీ చూశాను. ఎడమదాని అడుగున సైజు స్టిక్కరు ఇంకా అలాగే ఉంది. లోపల నలిగిన గుర్తు లేదు, మడత లేదు. కలరా ఉండల వాసన వస్తోంది.

అత్తా, నీకు అవి నచ్చలేదా? చీర మీద మగవాళ్ళ బూట్లలా ఉన్నాయని ఎవరైనా నవ్వారా? నచ్చలేదని ఒక్క మాట రాసి ఉంటే మార్పించేదాన్ని. నేను కొన్నది నీకు భారమైందేమోనని రెండు రోజులుగా చదువుతున్న పేజీ కూడా తెలియడం లేదు.

లోహిత

*

చిత్తూరు
27 జూన్

పాపా,

నీ జాబు చదివి అన్నం తినలే. నచ్చకపోవడమేంది? ఆ డబ్బా మూత తీసి ఎన్ని తూర్లు సూసుకున్నానో నా బీరువాకు తెలుసు.

నిజం రాస్తా. తిట్టుకో.

నువ్వు ఆ కాంట్రాక్టు ఉద్యోగానికి చేరిన పొద్దు నేను స్వామికి మొక్కుకున్నా. పాప ఉద్యోగం నిలబడేదాకా కాలికి చెప్పు తొడగను, నిలబడితే అలిపిరి నించి చెప్పుల్లేకుండా మెట్లెక్కి వస్తానని. నెల తిరక్కుండానే నువ్వు బూట్ల డబ్బా ఎత్తుకోని వచ్చినావు. నీ మొకం సూసి ఎట్ల చెప్పేది? "మొదటి జీతం అత్తా" అనింటివి. నీ నోట్లోంచి ఒక పూటకు వచ్చే మాటల్లో అవి సగం.

అందుకే దినామూ ఏసుకుంటా ఉండానని రాసినా. బూట్లు ప్లాస్టిక్ కవరు చుట్టి, కలరా ఉండలేసి, పట్టు చీరల కింద పెట్టినా. ఆరు నెలలకు ఒక తూరి తీసి తుడిచి మళ్ళా పెట్టినా. నీ జాబు చేరిన పొద్దు మొదటి తూరి తొడిగినా. ఇంటి నించి బస్టాండు, అంతే అవి నడిచింది.

ఇంకొకటి. పోయిన చలికాలం మిషను కింద సూది విరిగి పడుంటే తొక్కినా. నాకు తెలీలే. సాయంత్రం చంద్రకాంతమ్మ "వరదా, నేలంతా ఎర్రగా ఉండాది సూడు" అనింది. మానింది అనుకున్నా గానీ మళ్ళా చీము పడతా ఉండాది. ఈ కాలు పోతే మిషను తొక్కేదెవురు? నాకూ భయమే. నీకు చెప్పలే.

జడ్జమ్మకు నేనే వచ్చి చెప్తా, అబద్ధం నాదని. మెట్ల మొక్కు ఇంకా బాకీ ఉండాది. కాలు మానినాక అదీ తీరుస్తా, చెప్పుల్లేకుండానే.

మీ అత్త

*

తిరుపతి,
7 ఆగస్టు 2025

అత్తా,

జులైలో నేను చిత్తూరుకు వచ్చిన మూడు రోజులూ మనం డాక్టరు గురించీ కట్టు గురించీ తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. నాకు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. చీము లోపలి ఎముకకు అంటలేదని డాక్టరు చెప్పినప్పుడు నేను బయటికి వెళ్ళింది మందుల కోసం కాదు. వరండాలో కాసేపు గోడకు ఆనుకుని నిలబడడానికి.

ఇప్పుడు కమిషన్ సంగతి.

స్టేషన్ బయట చెప్పులు కుట్టే మునిశేఖర్ అనే ఆయనకు బూట్లు చూపించాను. పెచ్చు ఒకటి వేళ్ళతో నలిపి, "ఇది నడిచి పోయింది కాదు పాపా, కూర్చోని పోయింది" అన్నాడు. "ఈ రకం అడుగు లోపలి నించే పొడైపోతాది. కవరు చుట్టి పెడితే ఇంకా తొందర. నడిస్తేనే బతికేది. ఇట్లాటివి నెలకు నాలుగొస్తాయి నా తావకు." అదే రాసి ఇమ్మన్నాను. రాసి సంతకం చేశాడు. యోగానంద సార్ అదే విషయం చెప్పే రెండు వ్యాసాలు వెతికి ఇచ్చారు. డబ్బాలో వచ్చిన కాగితం మళ్ళీ చదివాను. ఎండలో ఉంచవద్దని ఉంది. కట్టిపెట్టి ఉంచవద్దని ఎక్కడా లేదు.

నువ్వు నోటరీ దగ్గర సంతకం పెట్టిన కాగితం మంగళవారం అక్కడ ఇచ్చాను. వకీలు వెంటనే లేచాడు. "అప్పుడు రోజూ వేసుకున్నానని రాశారు. ఇప్పుడు అసలే వేసుకోలేదంటున్నారు. ఏది నమ్మాలి?"

అందరూ నన్ను చూశారు. ఆ ఆరు పేజీలూ బల్ల మీదే వదిలేశాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఆ ఉత్తరం మా అత్త నన్ను సంతోషపెట్టడానికి రాసింది సార్. ఈ బూటుకు ఎవరినీ సంతోషపెట్టాల్సిన పని లేదు. దాన్ని చూడండి."

అధ్యక్షురాలు బూటు తిప్పి, అడుగున ఉన్న స్టిక్కరును గోటితో గీకి చూశారు. "రోజూ నడిస్తే ఇది ఇలా ఉంటుందా?" అని వకీలును అడిగారు. ఆయన గంట సమయం అడిగి బయటికి వెళ్ళి ఫోన్లో మాట్లాడి వచ్చాడు. పూర్తి ధర, ఖర్చులు, నెలలోపు ఇస్తామని రాసిచ్చారు. ఇకపై డబ్బాలో ఆ హెచ్చరిక అచ్చువేస్తామన్నారు. కమిషన్ దాన్నే ఉత్తర్వుగా రాసింది. బయటికి వస్తుంటే పెళ్ళి వీడియో ఆమె నా చెయ్యి పట్టుకుని, "నాది గూడా నువ్వే మాట్లాడు పాపా" అంది.

ఆ రోజు మధ్యాహ్నం రెండు ప్లేట్ల పెరుగన్నం తిన్నాను.

ఒక్కటే మిగిలింది. మెట్ల మాట మర్చిపో. డాక్టరు ఏమన్నాడో నువ్వూ విన్నావు.

లోహిత

*

చిత్తూరు
14 ఆగస్టు

పాపా,

"దాన్ని చూడండి" అన్నావా? నువ్వా? జడ్జమ్మ ముందరా? చంద్రకాంతమ్మకు చదివి వినిపిస్తే, "చదువుకున్న పిల్ల గదా, మాటలు లోపల యాడో పెట్టుకోనుంటాది" అనింది. ఆమె బ్లౌజుకు హుక్కులు కుట్టేసినా.

పుండు ఎండిపోయింది. నర్సు కట్టు తీసేసింది. ఆరు నెలలుగా గుండెల మీదుండిన రాయి దిగిపోయింది నాకు. రాత్రి నిద్ర పడతా ఉండాది.

మెట్ల మాట మాత్రం ఇడిసేది లేదు. స్వామి తన మాట నిలబెట్టినాడు, నేను నిలబెట్టొద్దా? వచ్చే నెల పెరటాసి, స్వామి నెల గదా, మొదటి శనివారం వస్తా ఉండా. నిదానంగా ఎక్కుతా, రోంతసేపు కూర్చోని రోంతసేపు నడుస్తా. నువ్వు కింద బస్సెక్కి పైకి రా. నీకు మెట్లంటే చిన్నప్పటి నించి భయమే గదా. ఒకటో క్లాసులో కొండకు పోయినప్పుడు గాలిగోపురం దాకా నా చంకలోనే ఉంటివి.

డాక్టరుకు చెప్పొద్దు.

మీ అత్త

*

తిరుపతి,
1 సెప్టెంబర్ 2025

అత్తా,

ఈ ఉదయం లైబ్రరీ మెట్లు రైలింగ్ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కాను. యోగానంద సార్ పైనుంచి చూసి, "ఏమ్మా, నువ్వు గూడా మా వయసుకొచ్చేసినావా?" అన్నారు. నవ్వి బీరువాల తాళాలు తీశాను.

కంపెనీ డబ్బు శుక్రవారం వచ్చింది. అదే రోజు వేరే షాపులో నీకు కొత్త జత కొన్నాను. ఈసారి అడుగు ఏ రకమో అడిగాను. డబ్బా మీద తయారైన నెల ఏదో చూపించమన్నాను. షాపతను, "ఇట్ల అడిగేవాళ్ళు నిండా తక్కువమ్మా" అన్నాడు. జులైలో తయారైనవే ఇచ్చాడు. అన్నీ నోటితోనే అడిగాను, చీటీ రాసి చూపించలేదు.

బూట్లు అదే కండక్టరుతో పంపుతున్నాను. కవరు లేదు, డబ్బా లేదు, కలరా ఉండలు లేవు. పాత దినపత్రికలో చుట్టాను. మునిశేఖర్ మాట గుర్తుంచుకో, నడిస్తేనే బతికేది. చేరిన వెంటనే తొడుక్కుని వీధి చివరిదాకా వెళ్ళి రా. చంద్రకాంతమ్మకు చూపించు. మిషను తొక్కేటప్పుడు కూడా తీయవద్దు. అడుగు అరిగిందని ఉత్తరం రాస్తే నాకు సంతోషం. ఈసారి అబద్ధం రాయవద్దు.

పెరటాసి శనివారం తప్పకుండా రా. బస్సులో కొండకు వెళ్దాం. నువ్వు బూట్లతోనే రావాలి, మాడవీధుల దగ్గర మాత్రం విప్పి సంచిలో పెట్టుకుందాం. అక్కడ మేజోళ్ళతో నడవచ్చని డాక్టరు చెప్పాడు. నేను అడిగాను.

ఆ బూట్లతోపాటు చిన్న లడ్డు ఒకటి ఉంది. నలిగిపోకుండా విడిగా కట్టాను.

నిన్న ఆదివారం అలిపిరి దగ్గర నా చెప్పులు విప్పి, నీ పేరు చెప్పుకుని, మెట్లన్నీ నడిచి ఎక్కాను.

లోహిత